తుపాకి నడుముకే ఉంది, చెయ్యి కదల్లేదు. నేను పిరికివాడినా?

డాలస్ శివారు నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. వయసు 39, గ్రీన్‌కార్డ్ ఉంది. భార్య, ఏడేళ్ళ పాప, హెచ్‌1బి మీద పనిచేసే బావమరిది, అంతా ఒకే ఇంట్లో ఉంటారు. 2023 మే 6న ఆలెన్ అవుట్‌లెట్ మాల్ కాల్పుల్లో ఎనిమిదిమంది చనిపోయారు. అందులో హైదరాబాద్ వైపు నుంచి వెళ్ళిన అమ్మాయి కూడా ఉంది. వీళ్ళు తరచూ వెళ్ళే మాల్ అదే. నెల తిరక్కుండా ఈయన ఒక 9ఎంఎం పిస్టల్ కొని, క్లాసుకి వెళ్ళి, టెక్సస్ వాళ్ళిచ్చే లైసెన్స్ టు క్యారీ, అంటే తుపాకి వెంట పెట్టుకు తిరిగే అనుమతి, తెచ్చుకున్నారు. అప్పట్నుంచి గడప దాటితే చొక్కా కింద హోల్‌స్టర్ (తుపాకి ఒర) ఉండాల్సిందే.

పోయిన నెల ఒక శనివారం చీకటి పడే వేళ, ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో డిక్కీలో బియ్యం బస్తా సర్దుతున్నారు. ఆరు కార్ల అవతల ఒక పెద్దావిడ కేక. నల్ల హుడీ వేసుకున్న కుర్రాడు ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ పట్టుకుని లాగుతున్నాడు. పట్టీ ఆవిడ మోచేతికి చుట్టుకుపోయింది, ఆవిడ కింద పడింది, వాడు అలాగే ఈడ్చాడు. ఇంతలో బూడిదరంగు హుడీ ఇంకొకడు పరిగెత్తుకొచ్చి మీద పడ్డాడు. "నా చెయ్యి పిస్టల్ పిడి మీదకి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఎంతసేపో తెలీదు, ఎనిమిది సెకన్లేమో" అని రాశారు. నల్ల హుడీవాడు విదిలించుకుని, ఇంజిన్ ఆన్‌లో ఉన్న కారెక్కి పోయాడు. ఆవిడ మణికట్టు విరిగింది. ఈయన డిక్కీ మూసి, పోలీసులు రాకముందే ఇంటికి వచ్చేశారు. నడుముకి తుపాకి ఉంది, సిటిజన్‌షిప్ అప్లికేషన్ నడుస్తోంది, ఎందుకొచ్చిన గొడవ అనిపించిందట. అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయలేదు.

ఆ తర్వాత అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు: "గన్ పెట్టుకు తిరిగే మగాళ్ళు కూడా సినిమా చూసినట్టు చూశారు." రోషం వచ్చి ఈయన, "ఈసారి దొరికితే వదలను" అని జవాబిచ్చారు. స్నేహితులు "టెక్సస్‌లో దొంగని కాల్చినా ఏమీ కాదు, కాల్చేయాల్సింది" అంటారు. భార్య "ముందు దాన్ని అమ్మేసి రండి" అంటుంది. నరసరావుపేట నుంచి నాన్నగారు "మనకెందుకురా" అంటారు. బావమరిదేమో "నాకూ షూటింగ్ నేర్పు బావా" అని వెంటపడుతున్నాడు. "నేను పిరికివాడినా? ఇంకోసారి ఇలాంటిది జరిగితే ఏం చేయాలి? అసలు తుపాకి ఉంచుకోవాలా?" ఇవీ ఆయన ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరం మూడో పేజీలో, ఒక మూల, బ్రాకెట్లలో ఒక మాట రాశారు. బూడిదరంగు హుడీ అతను ఆవిడ కొడుకేనని తర్వాత తెలిసింది అని. ఉత్తరం మొత్తానికి ముఖ్యమైన వాక్యం అదే, దాన్ని మీరు బ్రాకెట్లలో పెట్టారు. ఆ క్షణంలో మీరు చూసింది ఒక ముసలావిడ మీద ఇద్దరు మగవాళ్ళు పడటం. రెండోవాడు దొంగకి తోడొచ్చాడనే మీరూ అనుకున్నారు కదా, అలాగే రాశారు. చెయ్యి కదిలి ఉంటే, ఆ ఇద్దరిలో మీకు ఎదురుగా, వీపు చూపిస్తూ, పైన ఉన్నది కొడుకు.

ముందు చట్టం సంగతి చూద్దాం, ఎందుకంటే మీ స్నేహితులు చెప్పింది పూర్తిగా తప్పు కాదు, చిక్కంతా అక్కడే ఉంది. టెక్సస్ పీనల్ కోడ్ తొమ్మిదో అధ్యాయంలో 9.33 అనే సెక్షన్ ఉంది. ఎదుటి మనిషి స్థానంలో మీరుంటే ఆత్మరక్షణకి ఎంత బలం వాడొచ్చో, అతని కోసం కూడా అంతే వాడొచ్చు, అది వెంటనే అవసరమని మీరు సబబుగా నమ్మితే. ప్రాణాంతకమైన బలం ఎప్పుడు వాడొచ్చో 9.32 చెబుతుంది. హత్య, అత్యాచారంతో పాటు దోపిడీ కూడా అందులో ఉంది. లాక్కుంటూ మనిషికి దెబ్బ తగిలిస్తే అది మామూలు దొంగతనం కాదు, దోపిడీ. ఆవిడకి 65 నిండి ఉంటే, దొంగ చేతిలో ఆయుధం లేకపోయినా అది తీవ్రమైన దోపిడీ కింద లెక్క. అంటే నల్ల హుడీవాడి విషయంలో చట్టం బహుశా మీ పక్షానే నిలిచేది. ఆ అనుమతి ఉన్నంత మాత్రాన తూటా ఎవరికి తగలాలో వాళ్ళకే తగలదు. తప్పు మనిషికి తగిలితే ఏమిటనేది 9.05లో ఉంది: దొంగని కాల్చడం న్యాయమే అయినా, నిర్లక్ష్యంగా కాల్చి పక్కనున్న అమాయకుడిని గాయపరిచినా చంపినా, ఆ అమాయకుడి విషయంలో ఈ రక్షణ వర్తించదు.

దొంగని కాల్చినా ఏమీ కాదని మీవాళ్ళు చెప్పేది 9.42 గురించి. ఆస్తి కోసం ప్రాణం తీయడానికి కొన్ని షరతులతో ఒప్పుకునే ఆ సెక్షన్ టెక్సస్ ప్రత్యేకత. దాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో హ్యూస్టన్‌లో 2022 ఫిబ్రవరిలో చూశాం. ఏటీఎం దగ్గర ఒకతన్ని, అతని భార్యని తుపాకి చూపించి దోచుకున్నారు. దొంగ పారిపోతుంటే ఇతను తన తుపాకి తీసి, వాడు ఎక్కాడనుకున్న ఒక పికప్ ట్రక్కు మీద కాల్చాడు. అందులో ఉన్నది దారిన పోతున్న ఒక కుటుంబం. వెనక సీట్లో తొమ్మిదేళ్ళ పాప చనిపోయింది. గ్రాండ్ జ్యూరీ, అంటే అభియోగం మోపాలా వద్దా తేల్చే పౌరుల బృందం, అతని మీద అభియోగం మోపడానికి ఒప్పుకోలేదు. "ఏమీ కాదు" అని మీ స్నేహితులు చెప్పేది ఆ అర్థంలో నిజమే, ఏమీ కాలేదు. పైగా అది టెక్సస్ మాట. మిషిగన్‌లో 2015లో ఒక పెద్ద హార్డ్‌వేర్ దుకాణం పార్కింగ్‌లో, సరుకు ఎత్తుకుపోతున్నవాళ్ళ కారు మీద లైసెన్స్ ఉన్న ఒకావిడ కాల్పులు జరిపితే, ఎవరికీ తగలకపోయినా 18 నెలల ప్రొబేషన్ పడింది, లైసెన్సూ పోయింది.

ఇక ఆ పార్కింగ్ లాట్‌ని ఒకసారి కొలుద్దాం. ఒక కారు గడి వెడల్పు దాదాపు 9 అడుగులు. ఆరు కార్లంటే 54 అడుగులు, అంటే 18 గజాలు. మీరు లైసెన్స్ పరీక్షలో కాల్చింది 50 రౌండ్లు: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. 250కి 175 వస్తే పాస్. అంటే ఆ సాయంత్రం దూరం, మీ పరీక్షలో అన్నిటికన్నా దూరపు గురికన్నా ఎక్కువ. షూటింగ్ సాధన చేసే రేంజ్‌లో కాగితపు గురి కదలదు, దాని కింద ముసలావిడ ఉండదు, వెనక స్టోరు అద్దాల తలుపులోంచి పిల్లల్ని వేసుకుని జనం రారు. గుండె దడకి వేళ్ళు మొద్దుబారుతాయి, చూపు ఒక సొరంగంలా కుంచించుకుపోతుంది, చెవులు సగం వినవు. అందుకే రోజూ తుపాకి మోసే పోలీసుల తూటాలు కూడా నిజమైన కాల్పుల్లో చాలావరకు గురి తప్పుతాయి. తప్పిన తూటా ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. రేంజ్‌లో వాడే నిండు రాగిపూత 9ఎంఎం రౌండ్లు తగిలినా ఒంట్లోంచి దూరి అవతలికి పోతాయి. హాలో పాయింట్ రౌండ్లు ఒంట్లో విచ్చుకుని ఎక్కువగా అక్కడే ఆగుతాయి, కానీ గురి తప్పితే అవీ ఒకటే ఇవీ ఒకటే.

దీనికి ఎదురు ఉదాహరణలు లేవని కాదు. ఇండియానాలో గ్రీన్‌వుడ్ మాల్‌లో 2022 జూలై 17న ఒకడు రైఫిల్‌తో కాల్పులు మొదలుపెట్టాడు. 22 ఏళ్ళ కుర్రాడు ఒకడు సుమారు 40 గజాల దూరం నుంచి పది రౌండ్లు కాల్చి ఎనిమిది తగిలించాడు, 15 సెకన్లలో అయిపోయింది. అప్పటికే ముగ్గురు చనిపోయారు. అతను లేకపోతే ఇంకెంతమందో. మీ దగ్గర్లోనే, ఫోర్ట్‌వర్త్ పక్కన వైట్ సెటిల్‌మెంట్ చర్చిలో 2019 డిసెంబర్ 29న, భద్రత చూసే ఒక పెద్దాయన ఒకే ఒక్క తూటాతో ఆరు సెకన్లలో హంతకుడిని ఆపాడు. ఆయన ఏళ్ళ తరబడి తుపాకి శిక్షణ ఇచ్చిన మనిషి. అదే చర్చిలో, అదే ఆరు సెకన్లలో, పిస్టల్ బయటికి తీయబోతూ భద్రతా బృందంలో ఇంకొకాయన ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ రెండోది ఎవరూ చెప్పుకోరు.

ఈ రెండు చోట్లా పరిస్థితి మీది కాదని గమనించారా? హంతకుడు ఒక్కడే, చేతిలో ఆయుధం అందరికీ కనిపిస్తోంది, జనాన్ని వరుసగా చంపుతున్నాడు. ఎవడు ఎవడో సందేహం లేదు. ఆపకపోతే చావులే. అలాంటిచోట తెలిసిన చేతిలో తుపాకి పనికొస్తుంది. మీరు చూసింది పెనుగులాట. పెనుగులాటలో మధ్యలోంచి చూసినవాడికి కథ మొదలు తెలియదు. ఎవరు దొంగ, ఎవరు కొడుకు, ఎవరు మఫ్టీలో ఉన్న పోలీసు, ఎవరు మొగుడు పెళ్ళాలు? 2011 జనవరి 8న అరిజోనాలో టూసాన్ కాల్పుల దగ్గరికి ఒక కుర్రాడు సొంత తుపాకితో పరిగెత్తుకొచ్చాడు. ఎదురుగా ఒకడు పిస్టల్ పట్టుకుని నిలబడ్డాడు. కాల్చేయబోయి ఆగాడు. ఆ పిస్టల్ పట్టుకున్నది, హంతకుడి చేతిలోంచి దాన్ని లాక్కున్న మనిషి. మీరూ అతనూ ఆగింది ఒకే కారణానికి. దాన్ని పిరికితనం అనేవాళ్ళకి ఆ పదం అర్థం తెలియదు.

ఇంకొకటి, ఇంజిన్ ఆన్‌లో ఉన్న కారులో ఇంకొకడు ఉండి ఉండొచ్చు. వాణ్ణి మీరు చూశానని రాయలేదు, కారు వెళ్ళాకే గుర్తొచ్చినట్టుంది. 2014 జూన్ 8న లాస్ వేగస్ వాల్‌మార్ట్‌లో, ఇద్దరు పోలీసుల్ని చంపి వచ్చిన ఒకడి వెనక నుంచి లైసెన్స్ ఉన్న ఒకాయన ధైర్యంగా తుపాకి తీశాడు. ఆ హంతకుడి భార్య, ఆమె చేతిలోనూ తుపాకి ఉంది, ఈయన వెనకే ఉంది. ఈయన అక్కడే చనిపోయాడు. రెండోవాడు ఎక్కడ అనే ప్రశ్న శిక్షకులందరూ చెబుతారు, ఒంటికి అలవాటయ్యేదాకా ఎవరూ చేయరు.

ఆయుధం లేనివాళ్ళ సంగతీ చెప్పుకోవాలి. 2000 నుంచి 2013 దాకా జరిగిన ఇలాంటి సామూహిక కాల్పులు 160ని ఎఫ్‌బీఐ పరిశీలించింది. అందులో 21 చోట్ల చేతిలో ఏమీ లేని జనమే హంతకుడిని పట్టి పడేశారు. పోలీసులు కాని సాయుధులు ఎదురుకాల్పులతో ముగించినవి 5, వాటిలోనూ నాలుగింటిలో ఉన్నది సెక్యూరిటీ గార్డులు. ఆ తర్వాతి సంవత్సరాల లెక్కల మీద వాదాలున్నాయి, అవి పక్కన పెడదాం. అయితే ఉత్తి చేతులతో వెళ్ళడం క్షేమమని కూడా అనుకోవద్దు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఓలేతా బార్‌లో మన తెలుగు ఇంజనీర్ల మీద కాల్పులు జరిగినప్పుడు, అక్కడే ఉన్న ఒక అమెరికన్ యువకుడు బల్ల కింద కూర్చుని తూటాలు లెక్కపెట్టాడు. మ్యాగజైన్ ఖాళీ అయిందనుకుని వెంటపడ్డాడు. లెక్క తప్పింది. చేతిలోంచి, ఛాతీలోకి తూటా దిగింది, బతికి బయటపడ్డాడు. హ్యూస్టన్‌లోని భారతీయులు అతను ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. కాల్చే చేతిలో ఉన్న మ్యాగజైన్‌లో ఎన్ని పడతాయో మీకు తెలియదు, అందుకని లెక్కపెట్టడాన్ని నమ్ముకోకూడదు.

మరి ఇంకోసారి? తుపాకి ఉన్నవాడి చేతిలో తుపాకి కాకుండా ఏమున్నాయో చూడండి. ఆ సాయంత్రం మీ చేతిలోనే కారు తాళం ఉంది, దానిమీద ఎర్ర బటన్ ఉంది. నొక్కితే హారన్ ఆగకుండా మోగుతుంది, లైట్లు కొట్టుకుంటాయి. బ్యాగు దొంగకి కావలసింది నిశ్శబ్దం, పది సెకన్లు. ఆ రెండూ చెడగొట్టొచ్చు. గొంతెత్తి అరవొచ్చు, పక్కవాళ్ళని వేలు చూపించి "మీరు 911 చేయండి, మీరు నాతో రండి" అనొచ్చు. నలుగురు ఒక్కసారి కదిలితే వాడు బ్యాగు వదిలేసి పోయే అవకాశం ఎక్కువ. కారు నంబరు, రంగు, ఏ దిక్కుకి పోయింది, బూట్ల రంగు చూసి పెట్టుకోవచ్చు. హుడీ మారుస్తారుగానీ బూట్లు వెంటనే మార్చరు.

మిరియాల స్ప్రే గురించి మీరు ఆలోచించినట్టు లేదు. ఆత్మరక్షణకి అమ్మే చిన్న డబ్బా టెక్సస్‌లో లైసెన్స్ లేకుండా పెట్టుకోవచ్చు. పది అడుగుల లోపలికి వెళ్ళాలి, ఎదురుగాలి ఉంటే మీ కళ్ళలోనే పడుతుంది, అందుకని జెల్ రకం మేలు. డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది, గడువు దాటితే లోపల ఒత్తిడి తగ్గి తుస్సుమంటుంది. దాని అసలు గొప్పతనం వేరే ఉంది. ఆ రోజు మీరు దాన్ని ఆవిడ కొడుకు ముఖం మీద కొట్టి ఉంటే, ముప్పావుగంట కళ్ళు మండి, మీకు నాలుగు తిట్లు తగిలేవి.

తుపాకి ఉంచుకోవాలా అన్నదానికి నేను అవునో కాదో చెప్పను, ఏది ఎంచుకుంటే ఏమవుతుందో చెబుతాను. ఇంట్లోనే ఉంచి బయటికి తీసుకెళ్ళడం మానేస్తే, మీ ఆవిడ భయం సగం తగ్గుతుంది, పార్కింగ్ లాట్‌లో ఈ సందిగ్ధమే ఉండదు. ఆలెన్ లాంటిది జరిగితే మాత్రం పరుగు, దాక్కోవడం, ఇవే దారులు. అక్కడ కాల్పుల్ని ఆపింది వేరే పని మీద మాల్‌కి వచ్చిన ఒక పోలీసు అని గుర్తుపెట్టుకోండి. పూర్తిగా అమ్మేస్తే సరేసరి. అలా కాక మోస్తూనే ఉంటానంటే, హద్దు ఇప్పుడే గీసుకోవాలి, అక్కడికెళ్ళాక కాదు. చాలామంది మంచి శిక్షకులు చెప్పే హద్దు: నేనూ నా పిల్లలూ పారిపోయే దారి లేనప్పుడు, లేదా నా కళ్ళముందు మొదలునుంచి చూసిన ఒక మనిషి ప్రాణం ఈ క్షణంలో పోబోతున్నప్పుడు. బ్యాగు, గొలుసు, కారు, దుకాణం క్యాష్ పెట్టె ఈ హద్దుకి బయటే. మోస్తే శిక్షణ ఖర్చు కూడా మోయాలి. ఏడాదికోసారి రేంజ్‌కి వెళ్ళి కాగితం చించడం శిక్షణ కాదు. రంగు గుళ్ళతో, ఎదురుగా మనుషుల్ని పెట్టి, కాల్చాలా వద్దా అనేది నేర్పే క్లాసులున్నాయి, అక్కడికి వెళ్ళండి. వెళ్ళినవాళ్ళు సాధారణంగా తుపాకి తీయడానికి తొందరపడటం మానేస్తారు. స్టోరు తలుపు మీద 30.06 అని బోర్డుంటే లోపలికి తీసుకెళ్ళకూడదు, కారులో వదిలేస్తే అది దొంగలపాలయ్యే తుపాకుల్లో చేరుతుంది. ఇదీ రోజువారీ బరువే.

ఊరికే బయటికి తీసి చూపిస్తే భయపడతారు కదా అంటారేమో. ప్రాణాంతక బలం వాడతానన్న భయం కలిగించడానికే పరిమితమై ఆయుధం చూపించడాన్ని 9.04 ప్రాణాంతక బలం కింద లెక్కించదు. కానీ బలం వాడటం న్యాయమైనచోటే ఆ చూపించడమూ న్యాయం. కాకపోతే అది మారణాయుధంతో తీవ్రమైన దాడి, టెక్సస్‌లో 2 నుంచి 20 ఏళ్ళు. సిటిజన్‌షిప్ రాని మీకు ఇందులో ఇంకో మెట్టుంది. తుపాకి నేరం ఏదైనా రుజువైతే గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళని కూడా దేశం నుంచి పంపించేయొచ్చు. కేసు కొట్టేసినా, అరెస్టయిన మాట సిటిజన్‌షిప్ ఫారంలో రాయాల్సిందే.

ఎప్పుడైనా తీయాల్సే వస్తే, ఆ తర్వాతి నిమిషాలే ఎక్కువమందిని ముంచుతాయి. కొలరాడోలో అర్వాడా పట్టణంలో 2021 జూన్ 21న ఒకాయన, పోలీసుని చంపిన హంతకుడిని కాల్చి ఆపాడు. తర్వాత ఆ హంతకుడి రైఫిల్ చేతిలోకి తీసుకున్నాడు. వచ్చిన పోలీసు ఈయన్నే హంతకుడనుకుని కాల్చేశాడు. ఊరిని కాపాడిన మనిషి అలా పోయాడు. ప్రమాదం ఆగగానే తుపాకి హోల్‌స్టర్‌లోకి వెళ్ళాలి, ఎదుటివాడి ఆయుధం ముట్టుకోకూడదు. 911కి ముందు చోటు, తర్వాత "కాల్పులు జరిగాయి, అంబులెన్స్ కావాలి", ఆ తర్వాత మీ చొక్కా రంగు, మీ తుపాకి హోల్‌స్టర్‌లో ఉందన్న మాట. ఇది ఇంగ్లీష్‌లో నాలుగు ముక్కలు, ఇంట్లో బయటికి చెప్పి అలవాటు చేసుకోండి. పోలీసు కనపడగానే చేతులు ఖాళీగా పైకి, చెప్పింది చెప్పినట్టు చేయండి, ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టకండి. సాక్షులు ఎవరో, ఆధారాలు ఎక్కడున్నాయో చూపించి, మిగతా వాంగ్మూలం లాయర్ వచ్చాక ఇస్తానని మర్యాదగా చెప్పండి. తుపాకి ఆధారం కింద తీసుకుంటారు. తర్వాత నెలల తరబడి గ్రాండ్ జ్యూరీ కోసం ఎదురుచూపు.

తుపాకికి పెట్టిన డబ్బులో పదోవంతు పెట్టి కారులో ఒక టూర్నికే (రక్తం ఆపడానికి బిగించే పట్టీ) పెట్టుకోండి. రక్తం చిమ్ముతున్న చేతికో కాలికో, గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా కట్టి, రక్తం ఆగేదాకా కడ్డీ తిప్పి బిగించి, కట్టిన టైము రాసి పెట్టాలి. చవకరకాల్లో ఆ కడ్డీయే విరుగుతుంది. స్టాప్ ద బ్లీడ్ క్లాసు ఒక పూటలో అయిపోతుంది. ఇది మాత్రం ఎవరి మీద వాడినా తప్పు మనిషి అంటూ ఉండడు.

ఇప్పుడు ఇంటి విషయం. ఇది మీరు సరదాగా రాశారు, నాకు ఉత్తరంలో అన్నిటికన్నా భయం వేసింది ఇక్కడే. హెచ్‌1బి, ఎఫ్‌1, హెచ్‌4 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకి గానీ తూటా గానీ ఉండటం ఫెడరల్ నేరం. శిక్ష 15 ఏళ్ళ దాకా ఉంది. అమెరికాలో ఇచ్చిన వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఒక మినహాయింపు ఉంది, దాన్ని ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా వాడుకోకండి. రేంజ్‌లో అద్దె తుపాకి పట్టుకుని ఫోటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టే మనవాళ్ళు ఈ సంగతి తెలియకే పెడతారు. చేతిలో పట్టుకోనక్కర్లేదు, ఎక్కడుందో తెలిసి, కావాలంటే తీసుకోగలిగితే అది దగ్గరున్నట్టే అనే వాదన ప్రాసిక్యూటర్లు చేస్తారు. మీ పిస్టల్ పడకగది సొరుగులో ఉంటుందని రాశారు. ఈ రాత్రే దాన్ని తాళం నంబరు మీకొక్కరికే తెలిసిన పెట్టెలోకి మార్చండి. మీ బావమరిదిని మీ పిస్టల్ ఉన్న కారు ఒంటరిగా నడపనివ్వకండి. నేర్చుకోవాలని అంత సరదాగా ఉంటే ఆ స్ప్రే డబ్బా అతనికీ కొనివ్వండి. పాప సంగతి కూడా ఈ పెట్టెతోనే తీరుతుంది: నిండిన తుపాకిని నిర్లక్ష్యంగా వదిలేసి, అది 17 ఏళ్ళలోపు పిల్లలకి అందితే టెక్సస్‌లో నేరమే.

వాట్సాప్‌లో "ఈసారి దొరికితే వదలను" అని రాశారు. రేపు నిజంగా ఏదైనా జరిగితే మీరు భయపడి కాల్చారా, కసితో కాల్చారా అని తేల్చడానికి ప్రాసిక్యూటర్‌కి దొరికే మొదటి కాగితం అదే. ఇకపై ఏమీ రాయకండి. ఉన్నదాన్ని చెరిపేయకండి కూడా. దర్యాప్తులో ఉన్న కేసుకి సంబంధించిన మాటలు చెరిపితే అది వేరే తలనొప్పి.

మీరు కాల్చకపోవడంలో నాకు తప్పు కనపడలేదు. ఒక ముసలావిడ మణికట్టు విరిగి నేలమీద ఉంటే, అంతా కళ్ళారా చూసిన మనిషి డిక్కీ మూసుకుని వెళ్ళిపోవడంలో మాత్రం కనపడింది. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది కూడా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అనిపించింది, అదే. పోలీసులకి భయపడ్డారు సరే. లైసెన్స్ ఉన్నవాడు అధికారి గుర్తింపు కార్డు అడిగితే దానితో పాటు తుపాకి లైసెన్సూ చూపించాలి, అంతవరకే. నేరం చూసిన సాక్షిగా మీ మీద వచ్చేదేమీ లేదు. ప్రాణం పోవడమో తీవ్ర గాయమో అయి ఉండొచ్చనిపించే పెద్ద నేరాన్ని చూసి, ఇంకెవరూ చెప్పలేదని అనుకోవాల్సిన పరిస్థితిలో, ప్రమాదం లేకుండా చెప్పే వీలుండీ వెంటనే చెప్పకపోవడమే టెక్సస్‌లో నేరం. ఆ రోజు వేరేవాళ్ళు ఫోన్ చేశారు కాబట్టి ఆ బాధ బహుశా మీకు లేదు.

ఇప్పుడైనా ఆలస్యం కాలేదు. పోలీసు స్టేషన్ అత్యవసరం కాని నంబరుకి ఫోన్ చేసి, ఆ శనివారం కేసులో సాక్షినని చెప్పండి. కారు రంగు, వెళ్ళిన దిక్కు, ఎక్కింది ఏ తలుపు నుంచి, మీకు గుర్తున్నది గుర్తున్నట్టు, ఊహ కలపకుండా ఒక కాగితం మీద ముందే రాసి పెట్టుకోండి. సిటిజన్‌షిప్ భయం ఇంకా ఉంటే ముందు లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టి మాట్లాడండి. వాళ్ళు కేసు నంబరు అడుగుతారు. అది ఆవిడ కొడుకు దగ్గర ఉంటుంది, అతనూ ఆ గ్రూపులోనే ఉన్నాడని రాశారు.